కొనుగోలుదారు ఫిర్యాదు చేస్తే: ఆన్‌లైన్ చిన్న అమ్మకందారుల బాధ్యతలు, రక్షణలు

గాంధీనగర్‌లో కుట్టిన దుస్తులు, సదర్ బజార్‌లో టోకున కొన్న వంటింటి సామాను, కీర్తినగర్‌లో తయారైన చిన్నపాటి ఫర్నిచర్, నోయిడా, ఫరీదాబాద్ పారిశ్రామిక వాడల్లో రూపొందిన వస్తువులు నేడు ఆన్‌లైన్ మార్కెట్ వేదికల ద్వారా దేశం నలుమూలలకూ చేరుతున్నాయి. దేశ రాజధాని ప్రాంతం నుంచి సాగే ఈ వ్యాపారంలో పెద్ద సంస్థలతో పాటు, ఒక అద్దె గదిలో ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచే చిన్న అమ్మకందారులూ ఉన్నారు. సరుకు నచ్చలేదనో, పగిలిందనో, వేరొకటి వచ్చిందనో కొనుగోలుదారు ఫిర్యాదు చేసినప్పుడు వీరిపై పడే భారం పెద్ద సంస్థల భారానికి భిన్నమైనది.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుంటే ఈ విషయం స్పష్టమవుతుంది. 600 రూపాయలకు అమ్మిన ఒక కుర్తా కొనుగోలు ధర 400 రూపాయలు, వేదిక రుసుములు, రవాణా కలిపి 120, ప్యాకింగ్ 15 రూపాయలు అనుకుంటే అమ్మకందారుకు మిగిలేది 65 రూపాయలు. అదే కుర్తా తిరిగి వస్తే రవాణాకు 100, వృథా అయిన ప్యాకింగ్‌కు 15, మడతలు నలిగి మరకపడినందున ధర తగ్గించి అమ్మితే మరో 150 రూపాయలు పోతాయి. మొత్తం నష్టం 265 రూపాయలు. అంటే ఒక్క వాపసు నాలుగు అమ్మకాల లాభాన్ని తుడిచిపెడుతుంది. అందువల్లనే చాలామంది చిన్న వ్యాపారులు ఫిర్యాదు రాగానే ముందు కాదనడానికి, లేదా అసలు జవాబివ్వకుండా ఉండడానికి మొగ్గు చూపుతారు. చట్టం దృష్టిలో ఈ రెండూ ప్రమాదకరమైన మార్గాలే. ఫిర్యాదు వచ్చాక చేసే వాదన కంటే, సరుకు పంపడానికి ముందు రాసి ఉంచిన మాట, తీసి ఉంచిన ఆధారం, సకాలంలో ఇచ్చిన జవాబు అమ్మకందారును ఎక్కువగా కాపాడతాయి.

చట్టం ఏమి చెబుతున్నది

ఈ వ్యవహారాలకు మూలం వినియోగదారుల రక్షణ చట్టం–2019. ఇందులోని అధిక భాగం 2020 జులై 20న అమల్లోకి వచ్చింది. దీని కింద కేంద్ర ప్రభుత్వం 2020 జులై 23న ఈ-కామర్స్ నియమాలను నోటిఫై చేసింది. ఈ నియమాలు మార్కెట్ వేదికలకు, వాటిపై సరుకు అమ్మే వ్యాపారులకు వేర్వేరుగా బాధ్యతలను నిర్దేశించాయి. వ్యాపారం చిన్నదన్న కారణంతో మినహాయింపు ఏదీ లేదు. వృత్తిగా గానీ, క్రమం తప్పని వ్యాపారంగా గానీ కాకుండా, వ్యక్తిగత హోదాలో ఎప్పుడో ఒక వస్తువు అమ్మే వ్యక్తికి మాత్రమే ఇవి వర్తించవు.

ఆరో నియమం ప్రకారం నాలుగు సందర్భాల్లో అమ్మకందారు సరుకును వెనక్కి తీసుకోవడానికి గానీ, సొమ్ము తిరిగి ఇవ్వడానికి గానీ నిరాకరించరాదు. సరుకులో లోపం ఉండడం మొదటిది. అది నకిలీది కావడం రెండోది. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోవడం మూడోది. చెప్పిన గడువు దాటి చేరడం నాలుగోది. అనివార్యమైన విపత్తు వంటి కారణాల వల్ల జాప్యం జరిగితే మాత్రం నాలుగో సందర్భానికి మినహాయింపు ఉన్నది.

ఇక చట్టంలోని అనుచిత వ్యాపార పద్ధతుల నిర్వచనం మరొక విషయాన్ని స్పష్టం చేస్తున్నది. లోపమున్న సరుకును బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువు పేర్కొనకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని సొమ్ము ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. కనుక ‘అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు’ అని బిల్లుపై ముద్రించినంత మాత్రాన లోపమున్న వస్తువు విషయంలో బాధ్యత తప్పదు.

మరి కొనుగోలుదారు మనసు మార్చుకుంటే? ఎలాంటి లోపమూ లేని వస్తువును కేవలం నచ్చలేదన్న కారణంతో తిరిగి ఇచ్చే సాధారణ హక్కును ఈ నియమాలు ఇవ్వలేదు. అయితే ఇక్కడ రెండు అంశాలు గమనించాలి. వేదిక తన విధానంలో అలాంటి వాపసును అనుమతిస్తే, ఆ వేదికతో ఒప్పందం చేసుకున్న అమ్మకందారు దానికి కట్టుబడి ఉండాలి. అమ్మకందారే స్వయంగా ‘7 రోజుల్లో తిరిగి ఇవ్వవచ్చు’ అని ప్రకటించి ఉంటే, ఆ మాటకూ కట్టుబడాలి. కాబట్టి ఖాతా తెరిచేటప్పుడే వేదిక ఒప్పందంలోని వాపసు అధ్యాయాన్ని పూర్తిగా చదవడం అవసరం. వస్తువుల వర్గాన్ని బట్టి ఈ గడువులు మారుతుంటాయి.

48 గంటలు, ఒక నెల

ఫిర్యాదు అందిన 48 గంటల్లోగా అందినట్లు తెలపాలి. అందిన నాటి నుంచి ఒక నెలలోగా పరిష్కరించాలి. ఈ రెండు గడువులూ వేదికకే కాక అమ్మకందారుకూ వర్తిస్తాయి. ప్రతి అమ్మకందారు ఫిర్యాదుల అధికారిని నియమించి, ఆ పేరు, సంప్రదించవలసిన వివరాలు వేదిక ద్వారా కొనుగోలుదారులకు కనిపించేలా చూడాలి. ఒంటరిగా నడిచే దుకాణంలో యజమాని తన పేరునే ప్రకటించుకోవడానికి నియమాల్లో ఆటంకం లేదు. వేదిక కూడా ప్రతి ఫిర్యాదుకు ఒక టికెట్ నంబరు ఇవ్వాలి. దాని ద్వారా కొనుగోలుదారు తన ఫిర్యాదు ఏ దశలో ఉన్నదో తెలుసుకోగలగాలి.

48 గంటల్లో కోరుతున్నది పరిష్కారం కాదు, అందినట్లు జవాబు మాత్రమే. ఈ తేడా తెలియక కొందరు పూర్తి సమాధానం సిద్ధమయ్యేదాకా మౌనంగా ఉండిపోతారు. మొదటి జవాబు క్లుప్తంగా ఉంటే చాలు. ఉదాహరణకు: ‘నమస్కారం. మీ ఆర్డరుపై ఫిర్యాదు ఈ రోజు అందింది. వచ్చిన వస్తువు ఫొటో, పార్సిల్‌పై ఉన్న లేబుల్ ఫొటో పంపగలరు. పరిశీలించి రెండు రోజుల్లో మా నిర్ణయం తెలియజేస్తాము.’ ఇందులో తప్పు ఒప్పుకోవడం లేదు, కొనుగోలుదారుపై అనుమానమూ లేదు. తేదీ, తదుపరి చర్య మాత్రం ఉన్నాయి. ఆ రెండు రోజుల మాటను నిలబెట్టుకోవడం మరింత ముఖ్యం.

రాజధాని ప్రాంతపు వ్యాపారులకు హిందీలో, ఇంగ్లీషులో, పలు ప్రాంతీయ భాషల్లో ఫిర్యాదులు వస్తుంటాయి. వీలైనంతవరకు కొనుగోలుదారు భాషలోనే జవాబివ్వడం మేలు. జవాబు ఎప్పుడూ వేదికలోని సందేశాల పెట్టె ద్వారానే వెళ్లాలి. ఫోన్లో మాట్లాడినా, ఆ సంభాషణ సారాంశాన్ని అదే రోజు రాతపూర్వకంగా పంపాలి. మాటల్లో కుదిరిన రాజీకి తర్వాత రుజువు ఉండదు.

ఫిర్యాదు రకాన్ని బట్టి బాధ్యత

ఫిర్యాదులన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్ల నష్టం పెరుగుతుంది. మొదట అది ఏ తరగతికి చెందినదో నిర్ణయించుకోవాలి.

తప్పు వస్తువు, తప్పు కొలత లేదా తప్పు రంగు వెళ్లినట్లయితే అది ప్యాకింగ్ దశలో జరిగిన పొరపాటు. ఇక్కడ వాదనకు తావు లేదు. వెంటనే మార్పిడి చేయడం గానీ, సొమ్ము ఇవ్వడం గానీ మంచిది. తిరుగు రవాణా ఖర్చును కొనుగోలుదారుపై మోపడం వివాదాన్ని పెంచుతుంది.

పగిలిన వస్తువు చేరితే, అది ప్యాకింగ్ లోపమా, రవాణాలో జరిగిన నష్టమా అన్నది తేలాలి. కొనుగోలుదారుకు మాత్రం ఈ విభజనతో పని లేదు. ఆయనకు సొమ్ము ముందు అందాలి. రవాణా సంస్థ నుంచి లేదా వేదిక నుంచి పరిహారం రాబట్టుకోవడం అమ్మకందారు వేరుగా చూసుకోవలసిన విషయం. ఈ రెండింటినీ ముడిపెట్టి, కొరియర్ సంస్థ తేల్చేదాకా ఆగమని చెప్పడం చాలా వివాదాలకు మూలమవుతున్నది.

జాప్యం విషయంలో రాజధాని ప్రాంతానికి ప్రత్యేక పరిస్థితులు ఉన్నాయి. శీతకాలపు పొగమంచు రవాణాను మందగింపజేస్తుంది. వాయు కాలుష్యం తీవ్రమైనప్పుడు అంచెలవారీ కార్యాచరణ ప్రణాళిక నాలుగో దశ అమల్లోకి వస్తే, నిత్యావసరాలు తీసుకువచ్చేవి వంటి కొన్ని వాహనాలు మినహా లారీలను ఢిల్లీలోకి అనుమతించరు. ఇవి ఏటా ఊహించదగిన ఆటంకాలే కనుక, ప్రతిసారీ విపత్తు మినహాయింపు కింద లెక్కకు వస్తాయని భావించరాదు. నవంబరు నుంచి జనవరి వరకు పంపే గడువును ఒకటి రెండు రోజులు పెంచి చూపడం తర్వాత సంజాయిషీ ఇచ్చుకోవడం కంటే తేలిక.

చివరిది, ప్రకటనలో చెప్పినట్లు వస్తువు లేదన్న ఫిర్యాదు. దీని పరిష్కారం సరుకు పంపిన తర్వాత కాక, ప్రకటన రాసే నాడే మొదలవుతుంది.

ప్రకటన రాసే నాడే రక్షణ

కొనుగోలుదారు వస్తువును తాకి చూడలేడు. ఆయన నమ్మేది ఫొటోను, దాని కింద రాసిన వాక్యాలను. ప్రకటనలోని వివరణ వస్తువు అసలు లక్షణాలకు అనుగుణంగా ఉండాలని ఆరో నియమం నిర్దేశిస్తున్నది. మొత్తం ధరను అన్ని రుసుములతో కలిపి ఒకే అంకెగా చూపాలి, దాని విభజననూ ఇవ్వాలి. తయారైన దేశం, వర్తించే చోట వాడకానికి చివరి తేదీ, వాపసు, మార్పిడి నిబంధనలు, తిరుగు రవాణా ఖర్చు ఎవరిదన్న సమాచారం కూడా ఉండాలి. ప్యాకేజీ సరుకుల తూనికలు, కొలతల నియమాల ప్రకారం గరిష్ఠ చిల్లర ధర, నికర పరిమాణం, తయారీదారు వివరాలను ఈ-కామర్స్ ప్రకటనల్లో చూపడం 2018 జనవరి 1 నుంచి తప్పనిసరి.

నాణ్యతా ప్రమాణాల విషయంలో అశ్రద్ధ ఎంత దూరం వెళ్తుందో ఢిల్లీలో జరిగిన రెండు పరిణామాలు తెలియజేస్తున్నాయి. తప్పనిసరి ప్రమాణాలకు విరుద్ధమైన 2,265 ప్రెషర్ కుక్కర్లను తన వేదికపై అమ్మనిచ్చినందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 ఆగస్టులో అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా విధించింది. కొన్నవారందరికీ సమాచారమిచ్చి, కుక్కర్లను వెనక్కి తీసుకుని, సొమ్ము చెల్లించాలని ఆదేశించింది. 598 కుక్కర్ల విషయంలో ఫ్లిప్‌కార్ట్‌కూ అదే నెలలో ఇలాంటి ఆదేశం వెలువడింది. ఈ వివాదం తర్వాత ఢిల్లీ హైకోర్టుకు చేరింది. 2025 మార్చిలో భారత ప్రమాణాల సంస్థ అధికారులు ఢిల్లీలోని మోహన్ కోఆపరేటివ్ పారిశ్రామిక ప్రాంతంలో ఉన్న అమెజాన్ గిడ్డంగిలో తనిఖీ జరిపి, ఐఎస్ఐ గుర్తు లేని, లేదా నకిలీ గుర్తు ఉన్న 3,500కు పైగా విద్యుత్ వస్తువులను స్వాధీనం చేసుకున్నారు. వేదికపై చర్య మొదలైతే దాని ప్రభావం ఆ సరుకు సరఫరా చేసిన అమ్మకందారు వరకూ వస్తుంది. టోకు బజారులో కొనేటప్పుడే తప్పనిసరి ప్రమాణాల జాబితాలో ఉన్న వస్తువుకు ఐఎస్ఐ గుర్తు, లైసెన్సు సంఖ్య సరిచూసుకోవాలి. టోకు వ్యాపారి నుంచి పక్కా బిల్లు తీసుకోవాలి.

ఇతరుల సరుకు తన పేరుమీద పోకుండా చూసుకోవడం కూడా ఈ రక్షణలో భాగమే. ‘వి ట్రెడిషన్’ పేరుతో మహిళల దుస్తులు అమ్మే వ్యాపారి ఒకరు తన ప్రకటనకే, తన ఫొటోలకే వేరే అమ్మకందారులు జతపడి సరుకు అమ్ముతున్నారని ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించారు. ఆ వ్యాపారి పేరుకు, ఫొటోలకు ఇతరులు అలా జతపడనీయరాదని 2022 ఆగస్టులో హైకోర్టు ఫ్లిప్‌కార్ట్‌ను ఆదేశించింది. ఇలాంటి పరిస్థితిలో నాసిరకం సరుకు పంపేది ఒకరైతే, చెడ్డపేరు మోసేది మరొకరు. తాను అమ్మని వస్తువుపై ఫిర్యాదు వస్తే వెంటనే వేదికకు రాతపూర్వకంగా తెలిపి, ఆర్డరు వివరాలు కోరడం మొదటి పని. సొంత పేరుకు ట్రేడ్‌మార్క్ నమోదు ఉంటే ఆ ఫిర్యాదుకు బలం చేకూరుతుంది.

పార్సిల్ కట్టే బల్ల వద్ద

చాలా వివాదాల్లో ప్రశ్న ఒక్కటే: పెట్టెలో ఏమి పెట్టారు? దీనికి నమ్మదగిన జవాబు ప్యాకింగ్ వీడియో. వస్తువును అన్ని వైపులా చూపి, వరుస సంఖ్య ఉంటే అది కనిపించేలా ఉంచి, పెట్టెలో పెట్టి, అతికించి, పైన రవాణా లేబుల్ అంటించేవరకు ఆపకుండా ఒకే వీడియోగా తీయాలి. తూకం చూపడం మరింత మంచిది. బల్లపై ఒక పాత ఫోన్ అమర్చుకుంటే ఈ పనికి సరిపోతుంది.

తిరిగి వచ్చిన పార్సిల్‌కూ ఇదే పద్ధతి అవసరం. డెలివరీ సిబ్బంది సమక్షంలోనే పెట్టె బయటి స్థితిని ఫొటో తీసుకోవాలి. లేబుల్, ముద్ర కనిపించేలా తెరిచే వీడియో తీయాలి. కొత్త వస్తువుకు బదులు పాతది, అసలుకు బదులు నకిలీ, ఒక్కోసారి ఖాళీ పెట్టె తిరిగి రావడం అమ్మకందారులకు ఎదురయ్యే అనుభవమే. అలాంటప్పుడు పరిహారం కోరేందుకు వేదికల్లో ప్రత్యేక ఏర్పాట్లు ఉన్నాయి. అమెజాన్‌లో దీనిని సేఫ్-టి క్లెయిమ్ అని, ఫ్లిప్‌కార్ట్‌లో సెల్లర్ ప్రొటెక్షన్ ఫండ్ అని వ్యవహరిస్తారు. ఈ క్లెయిములకు నిర్ణీత గడువులు ఉంటాయి. వారం చివర ఒకేసారి పార్సిళ్లు తెరిచే అలవాటు వల్ల గడువు దాటి, న్యాయమైన క్లెయిము కూడా తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉన్నది. వచ్చిన రోజే తెరవడం దీనికి మందు.

ఈ వీడియోలు ఎంతకాలం దాచాలన్నది మరో ప్రశ్న. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి వివాద కారణం తలెత్తిన నాటి నుంచి 2 సంవత్సరాల గడువు ఉన్నది. కనుక అన్ని వీడియోలూ కాకపోయినా, ఫిర్యాదు వచ్చిన ఆర్డర్ల వీడియోలు, సందేశాలు, బిల్లులు కనీసం అంతకాలం భద్రపరచాలి. వీడియోను కత్తిరించకుండా, మూల రూపంలోనే ఉంచాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారాలకు ధ్రువపత్రం జతచేయవలసిన సందర్భాలు ఉంటాయి.

సొమ్ము వాపసు, పన్ను లెక్క

అంగీకరించిన రీఫండ్‌ను సహేతుకమైన గడువులో చెల్లించాలని నియమాలు చెబుతున్నాయి. కొనుగోలుదారు ప్రత్యేకంగా మరో పద్ధతికి అంగీకరిస్తే తప్ప, సొమ్ము వచ్చిన దారిలోనే తిరిగి వెళ్లాలన్నది చెల్లింపు సంస్థలకు రిజర్వు బ్యాంకు 2020లో నిర్దేశించిన సూత్రం. అందుచేత వేదిక బయట, వేరే యూపీఐ సంఖ్యకు సొమ్ము పంపమని ఎవరైనా కోరితే జాగ్రత్త పడాలి. అమ్మకందారు బయట ఒకసారి చెల్లించాక, వేదిక కూడా ఆయన ఖాతా నుంచి మళ్లీ మినహాయించే అవకాశం ఉన్నది. రీఫండ్ పేరుతో లింకులు, క్యూఆర్ కోడ్‌లు పంపి ఖాతా ఖాళీ చేసే మోసాలూ జరుగుతున్నాయి. సొమ్ము పోయిందని గుర్తించిన వెంటనే సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి తెలపాలి.

ఇక వస్తు సేవల పన్ను. నోయిడాలోని అమ్మకందారు యమునకు అవతల ఉన్న ఢిల్లీ కాలనీకి సరుకు పంపినా అది రెండు ప్రాంతాల మధ్య సరఫరాయే. మార్కెట్ వేదికల ద్వారా సరుకు అమ్మే చిన్న వ్యాపారులకు జీఎస్టీ నమోదు నుంచి 2023 అక్టోబరు 1న ఇచ్చిన సడలింపు ఒకే రాష్ట్రం లోపలి అమ్మకాలకే పరిమితం. గురుగ్రామ్, ఘాజియాబాద్, ఫరీదాబాద్ వ్యాపారులకూ ఇదే సూత్రం.

సరుకు తిరిగి వచ్చినప్పుడు క్రెడిట్ నోట్ జారీ చేస్తేనే అప్పటికే చూపిన పన్ను బాధ్యత తగ్గుతుంది. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా వార్షిక రిటర్ను దాఖలు చేసిన తేదీ, ఏది ముందైతే దానిలోగా ఆ వివరాలు చూపాలి. వేదికలు అమ్మకాలపై మూలంలో వసూలు చేసే పన్ను 2024 జులై 10 నుంచి 1 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గింది. తిరిగి వచ్చిన సరుకు విలువను తీసివేసిన తర్వాతి నికర మొత్తంపైనే దీనిని లెక్కించాలి. వేదిక ఇచ్చే నెలవారీ నివేదికను సొంత వాపసుల పుస్తకంతో పోల్చి చూడని వ్యాపారి, సొమ్ము తిరిగి ఇచ్చిన సరుకుపై కూడా పన్ను కడుతూ ఉండవచ్చు.

సమీక్షలు, మర్యాద

చెడ్డ సమీక్ష వచ్చినప్పుడు దానిని తొలగించమని కొనుగోలుదారుపై ఒత్తిడి తేవడం, తానే కొనుగోలుదారునని చెప్పుకుని మంచి సమీక్షలు రాయించుకోవడం రెండూ చిక్కులు తెచ్చేవే. రెండోది ఆరో నియమం ప్రకారం నేరుగా నిషిద్ధం. ఆన్‌లైన్ సమీక్షల సేకరణ, ప్రచురణపై భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని కూడా 2022 నవంబరులో ప్రకటించింది. సమీక్షకు జవాబుగా కొనుగోలుదారు పేరు, చిరునామా, ఫోన్ నంబరు బహిరంగంగా పెట్టడం ఏ పరిస్థితుల్లోనూ తగదు. ‘మీ ఫిర్యాదు పరిష్కరించాము, సొమ్ము ఫలానా తేదీన పంపాము’ అన్న ఒక్క వాక్యం తర్వాత చదివేవారికి ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

మోసపు ఫిర్యాదులు లేవని కాదు. కానీ అనుమానాన్ని ఆరోపణగా రాయకుండా, ఆధారాన్ని ముందుంచడం ఉత్తమం. ‘మీరు అబద్ధం చెబుతున్నారు’ అనే బదులు, ‘పంపిన వస్తువు వరుస సంఖ్య ఇది, తిరిగి వచ్చిన వస్తువు సంఖ్య ఇది, రెండూ వేర్వేరుగా ఉన్నాయి’ అని రాయవచ్చు. మొదటిది తగాదా అవుతుంది. రెండోది రేపు కమిషన్ ముందు పత్రంగా నిలుస్తుంది.

కమిషన్ నోటీసు వస్తే

ఫిర్యాదుతో తృప్తి చెందని కొనుగోలుదారు తొలుత జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915ను ఆశ్రయించవచ్చు. తెలుగు సహా 17 భాషల్లో ఈ సేవ లభిస్తున్నది. ఇది వ్యాజ్యానికి ముందు దశ. ఇక్కడే సామరస్యంగా ముగిస్తే ఇరుపక్షాలకూ సమయం, ఖర్చు కలిసివస్తాయి.

తర్వాతి దశ జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్. ఢిల్లీలో ఇలాంటివి 10 ఉన్నాయి. 50 లక్షల రూపాయల వరకు చెల్లింపు విలువ గల వివాదాలు జిల్లా స్థాయిలో విచారణకు వస్తాయి. 5 లక్షల వరకు ఫిర్యాదుదారు రుసుము చెల్లించనక్కరలేదు. ఫిర్యాదును ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు. 2025 జనవరి 1 నుంచి ఇందుకు ఈ-జాగృతి వేదిక అందుబాటులో ఉన్నది.

చిన్న అమ్మకందారు ముఖ్యంగా తెలుసుకోవలసిన మార్పు ఒకటి 2019 చట్టంలో ఉన్నది. కొనుగోలుదారు తాను నివసించే లేదా పనిచేసే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. షాహ్‌దరా వ్యాపారిపై కర్నూలులో, మంగళగిరి వ్యాపారిపై ద్వారకలో కేసు నమోదు కావచ్చు. నోటీసు దూరప్రాంతం నుంచి వచ్చిందని పక్కన పెట్టడం పెద్ద పొరపాటు. జవాబుకు గడువు 30 రోజులు. కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజులు. పాత చట్టంలోని ఇదే గడువును 45 రోజులు దాటి పొడిగించే అధికారం లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చి 4న స్పష్టం చేసింది. జవాబు లేకపోతే ఫిర్యాదుదారు చెప్పిన దాని ఆధారంగానే ఉత్తర్వు వెలువడుతుంది. 600 రూపాయల వస్తువుపై మొదలైన వివాదం వడ్డీ, పరిహారం, ఖర్చులతో పలు రెట్లు పెరగవచ్చు. ఉత్తర్వును పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, లేదా 25 వేల నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించే వీలున్నది.

అయితే దూరం వల్ల కలిగే ఇబ్బందిని తగ్గించే ఏర్పాటూ చట్టంలోనే ఉన్నది. వీడియో కాన్ఫరెన్సు ద్వారా హాజరు కావడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. రాజీకి అవకాశముందని భావిస్తే, ఇరుపక్షాల సమ్మతితో కమిషన్ వివాదాన్ని మధ్యవర్తిత్వానికి పంపగలదు. ఇరువైపులా మొత్తం చిన్నదైనప్పుడు ఈ మార్గాన్ని ముందుగా కోరడం వివేకం.

వేదికతోనే వివాదం వస్తే పరిస్థితి వేరు. వాణిజ్య ప్రయోజనం కోసం సేవ పొందేవారిని చట్టం సాధారణంగా వినియోగదారులుగా పరిగణించదు. స్వయం ఉపాధితో జీవనోపాధి పొందేవారికి మినహాయింపు ఉన్నా, దానిని ప్రతి సందర్భంలోనూ నిరూపించుకోవాలి. 3 లక్షల రూపాయలు, అంతకు పైబడిన వాణిజ్య వివాదాల్లో, అత్యవసర ఊరట కోరనప్పుడు, వాణిజ్య న్యాయస్థానానికి వెళ్లేముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. అన్నింటికంటే ముందు ఒప్పందంలోని వివాద పరిష్కార నిబంధనలు చూడాలి. కొనుగోలుదారుకు ఉన్నంత సులభమైన ద్వారం చిన్న అమ్మకందారుకు లేదు. అందుకే ఆయన చేతిలోని రికార్డుకు అంత విలువ.

ప్రభుత్వ ప్రోత్సాహంతో ఏర్పడిన ఓఎన్‌డీసీ వ్యవస్థలో ఈ బాధ్యతలు మరో రకంగా పంపిణీ అవుతాయి. 2022 ఏప్రిల్‌లో ప్రయోగాత్మకంగా మొదలైన ఐదు నగర ప్రాంతాల్లో ఢిల్లీ–ఎన్‌సీఆర్ ఒకటి. అక్కడ కొనుగోలుదారు వాడే యాప్ ఒకటి, అమ్మకందారు నమోదైన యాప్ మరొకటి కావచ్చు. ఫిర్యాదు మొదటి యాప్ ద్వారా రెండోదానికి చేరుతుంది. చేరే సమయంలో గంటలు గడిచిపోకుండా, తన యాప్‌లో ఫిర్యాదుల హెచ్చరిక ఎక్కడ వస్తుందో అమ్మకందారు ముందే తెలుసుకుని ఉండాలి.

చేనేత, హస్తకళల అమ్మకందారులకు

పోచంపల్లి, మంగళగిరి చీరలు, కలంకారీ వస్త్రాలు, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలు ఆన్‌లైన్‌లో రాజధాని ప్రాంతపు ఇళ్లకు చేరుతున్నాయి. వీటిపై వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని లోపాలు కావు, చేతిపని లక్షణాలు. ఇక్కత్‌లో రంగు అంచు కొద్దిగా చెదిరినట్లుండడం, సహజ వర్ణాలు ఒక్కో దఫాకు ఒక్కో ఛాయలో రావడం, చెక్కబొమ్మల మధ్య చిన్న తేడాలు ఉండడం నేతగాడికి తెలిసిన విషయాలే. మిల్లు వస్త్రానికి అలవాటుపడిన కొనుగోలుదారుకు అవి లోపాలుగా కనిపించవచ్చు. ప్రకటనలోనే ఈ మాట రాయడం, దగ్గరి నుంచి తీసిన పగటి వెలుతురు ఫొటో పెట్టడం, మొదటిసారి ఉతికేటప్పుడు రంగు వదిలే అవకాశముంటే ముందే చెప్పి, ఆ సూచనల చీటీని పార్సిల్‌లో ఉంచడం అవసరం. ఇలా చెప్పిన లక్షణం లోపమన్న వాదనకు బలం తగ్గుతుంది. చెప్పకుండా పంపితే అదే లక్షణం ప్రకటనకు విరుద్ధమన్న ఫిర్యాదుగా మారుతుంది.

నెలకు ఒకసారి వచ్చిన ఫిర్యాదులన్నింటినీ ఒక పట్టికగా రాసుకోవడం మంచి అలవాటు. తేదీ, వస్తువు, కారణం, జవాబు ఇచ్చిన సమయం, చెల్లించిన మొత్తం, వేదిక నుంచి రాబట్టిన పరిహారం అనే ఆరు గడులు చాలు. ఒకే వస్తువుపై, ఒకే కారణంతో మూడు ఫిర్యాదులు కనిపిస్తే, సరుకు తెచ్చే చోటనో, కొలతల పట్టికలోనో, ఫొటోలోనో సరిదిద్దవలసినది ఉన్నదని అర్థం. దానిని సరిదిద్దేవరకు ఆ వస్తువు అమ్మకాన్ని నిలిపివేయడం, కొత్త వాపసుల ఖర్చు భరించడం కంటే చవక.